బొమ్మ కింద రాత

ప్రకాశం జిల్లా దొనకొండకు దగ్గర్లో, గుండ్లకమ్మ ఒడ్డున చందవరం ఉంది. అక్కడి గుట్ట మీద ఇంచుమించు రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ స్తూపం. 1970లలో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపి, దొరికిన శిల్పాలను అక్కడే దాచింది. ఈ శతాబ్దం మొదట్లో వాటిలో కొన్ని దొంగలపాలయ్యాయి. అలా పోయినవాటిలో ఒక సున్నపురాతి పలక, బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తుల శిల్పం, న్యూయార్క్ వ్యాపారి చేతి మీదుగా ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు చేరింది. 2005లో ఆ సంస్థ దానికి 5,95,000 అమెరికన్ డాలర్లు చెల్లించింది. 2016లో దాన్ని మన దేశానికి తిరిగి అప్పగించింది. అంత ధర పెట్టి కొన్న వస్తువును ఎవరూ ఊరికే ఇవ్వరు. దొంగతనానికి ముందు ఆ పలక ఇక్కడ ఉండగా తీసిన ఫోటో వెలుగులోకి రావడంతో, దాని పూర్వాపరాల గురించి వ్యాపారి చెప్పిన కథ చెల్లకుండా పోయింది. శిల్పాల దొంగతనం అనగానే మనకు కాపలా, తాళాలు, చట్టాలు గుర్తొస్తాయి. ఈ పలక విషయంలో అవేవీ అక్కరకు రాలేదు. ఎప్పుడో ఎవరో తమ పనిలో భాగంగా తీసి ఉంచిన ఒక బొమ్మ అక్కరకొచ్చింది.

అయితే ఫోటో వల్లే పని జరిగిందనుకోవడం సగం నిజమే. అమరావతి, నాగార్జునకొండ, గోలి, జగ్గయ్యపేట, చందవరం, ఈ చోట్లన్నిటా శిల్పులు వాడింది ఒకే తీరు సున్నపురాయి. చెక్కిన పద్ధతికీ ఒకటే కుదురు. పలకను చూసి ఇది కృష్ణా తీరపు శైలి అని చెప్పగలవాళ్లు ప్రపంచంలో చాలామంది ఉన్నారు గానీ, ఇది ఫలానా గుట్ట మీది ఫలానా స్తూపానిది అని శైలిని బట్టి తేల్చడం కష్టం. ఫోటోకు చందవరం అన్న ఊరి పేరు అంటిపెట్టుకుని ఉండబట్టి అది సాక్ష్యమైంది. గుంటూరు మిర్చి యార్డుకు సీజన్లో రోజూ వేలకు వేల టిక్కీలు, అంటే కాయల బస్తాలు, వస్తాయి. కాయ ఎంత ఎర్రగా నిగనిగలాడుతున్నా, రైతు పేరూ లాటు నంబరూ తెలిపే చీటీ ఊడిపోతే ఆ టిక్కీ ఎవరిదో తేల్చడానికి తల ప్రాణం తోకకొస్తుంది. వారసత్వ సంపదను డిజిటల్‌గా భద్రపరచడం గురించి మనం చేస్తున్న హడావిడి అంతా కాయ రంగు గురించే. స్కానర్ ఎంత మంచిది, కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లది, ఎన్ని లక్షల పుటలు ఎక్కించాం అన్నదే లెక్క. చీటీ మాట ఎత్తేవారు తక్కువ. బొమ్మ తీయడం ఇప్పుడు చవకైన పని. బొమ్మ కింద ఏం రాశాం, ఎవరు రాశారు, ఏ భాషలో రాశారు అన్నదాన్ని బట్టే ఈ నేల గతం దక్కడమో దక్కకపోవడమో ఉంటుందని నా వాదన.

ఈ వాదనకు రుజువు వెతుక్కుంటూ ఎంతో దూరం పోనక్కర్లేదు, అమరావతి చాలు. అక్కడి స్తూపం దిబ్బను చుట్టుపక్కలవాళ్లు దీపాలదిన్నె అనేవారు. పద్దెనిమిదో శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని అమరావతికి మార్చి కొత్త పట్నం కట్టించే వేళ, ఇటుకల కోసం, రాళ్ల కోసం ఆ దిబ్బను తవ్వారు. పలకలు కొన్ని మెట్లయ్యాయి, కొన్ని గోడల్లో కలిసిపోయాయి, కొన్ని కాలి సున్నమయ్యాయి. సంగతి తెలిసి ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ తన బృందంతో వచ్చి, దిబ్బ నక్షా గీయించి, కనబడిన పలకలకు కొలతలతో బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మల్లో ఉన్న పలకలు కొన్ని ఆ తర్వాత మళ్లీ ఎవరి కంటా పడలేదు. ఇవాళ అవి ఉన్నది ఆ కాగితాల మీదే. కానీ ఏ రాయి ఎక్కడ దొరికిందో నక్షాలో చూపడం వల్ల, రాయి పోయినా స్తూపం ఆకారాన్ని ఊహించే పనిలో ఆ బొమ్మలు ఇప్పటికీ పనికొస్తూనే ఉన్నాయి. పెన్సిలూ కాగితమూ తప్ప మరో పరికరం లేని రోజుల్లో జరిగిన పని ఇది.

దీని పక్కన వాల్టర్ ఎలియట్ పనిని పెట్టి చూడాలి. గుంటూరు వ్యవహారాలు చూడ్డానికి వచ్చిన ఎలియట్ 1845లో దీపాలదిన్నెను తవ్వించి పెద్ద సంఖ్యలో పలకలు బయటికి తీయించాడు. అవి మద్రాసు చేరి, ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నాయి. 1858లో లినేయస్ ట్రైప్ అనే సైనికాధికారి, ఆ కాలపు గొప్ప ఫోటోగ్రాఫరు, వాటికి ఫోటోలు తీశాడు. ఆ మరుసటేడు పలకలు ఓడెక్కి లండన్ వెళ్లాయి. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న నూట ఇరవైకి పైగా అమరావతి శిల్పాల్లో ఎక్కువ భాగం అవే. రాయి క్షేమంగా ఉంది, ఫోటో ఉంది, గాజు తలుపుల వెనక మంచి వెలుతురు కూడా ఉంది. ఏ పలక స్తూపంలో ఏ చోటిదో చెప్పే సరైన నమోదు మాత్రం ఎలియట్ తవ్వకాల నుంచి మిగల్లేదు. అందుకే పండితులు నూట యాభై ఏళ్లుగా ఆ పలకల్ని అటు పేర్చీ ఇటు పేర్చీ వాదించుకుంటున్నారు. ఒకవైపు రాయి పోయి వివరం మిగిలింది, మరోవైపు రాయి మిగిలి వివరం పోయింది. ట్రైప్ కెమెరా ఆ రోజుల్లో ఈనాటి త్రీడీ స్కానర్ అంత వింత. అయినా మెకంజీ చిత్రకారుడు గీసుకున్న గీత ఇచ్చినంత ఆధారం అది ఇవ్వలేకపోయింది. పరికరం లోపం కాదిది. ఫోటో తీసే వేళకే చీటీ ఊడిపోయింది.

1880 ప్రాంతంలో ప్రభుత్వమే దిబ్బనంతా శుభ్రం చేయించి, మధ్యలో ఒక పెద్ద గొయ్యి మిగిల్చిన సంగతి మరో విషాదం. దాని జోలికి ఇప్పుడు పోను. భట్టిప్రోలులో స్తూపం ఇటుకలూ రాళ్లూ కాలువ తూము కట్టడానికి తరలిపోయాయి. అంత విధ్వంసం తర్వాత కూడా 1892లో అలెగ్జాండర్ రీ తవ్వితే ధాతు కరండాలు, వాటి మీద బ్రాహ్మీ రాతలు దొరికాయి. మన లిపి పుట్టుక గురించి మాట్లాడే ప్రతివారూ తల్చుకునే రాతలు అవి. ఏ కరండం ఏ పొరలో ఉందో రీ రాసిపెట్టాడు. ఆ మాత్రం జాగ్రత్త కూడా లేకపోతే అవి అందమైన రాతిపెట్టెలుగానే మిగిలేవి.

ఇప్పుడు డిజిటల్ కాలానికి వద్దాం. అమరావతి మహాచైత్యం నేడు మూడు నాలుగు ఇళ్లలో కాపురముంటోంది: కొన్ని రాళ్లు లండన్‌లో, చాలా రాళ్లు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, మిగిలినవి అమరావతిలో, బొమ్మలేమో బ్రిటిష్ లైబ్రరీలో. వీటిని ఒకచోట చేర్చడం ఏ ప్రభుత్వానికీ ఈ తరంలో అయ్యే పని కాదు. తెర మీద చేర్చడం మాత్రం సాధ్యమే. మెకంజీ బొమ్మలు నెట్‌లో చూడొచ్చు, లండన్ పలకల ఫోటోలూ చూడొచ్చు. అయినా స్తూపం మన కళ్ల ముందు నిలబడటం లేదు. కారణం, ఒక్కో ఇల్లు ఒక్కో నంబరు వేసుకుంది. మెకంజీ ఆల్బంలో బొమ్మకు ఒక సంఖ్య, మద్రాసులో ఒక సంఖ్య, బ్రిటిష్ మ్యూజియంలో ఇంకో సంఖ్య, పాత పుస్తకాల్లో ప్లేటు నంబరు మరొకటి. ఇవన్నీ ఒకే రాయి అని చెప్పే దారం ఉంటే తప్ప వెయ్యి ఫోటోలున్నా లాభం లేదు. ఈ దారం పేనిన పని ఒకటి ఉంది. ఆంధ్రదేశపు తొలినాటి శాసనాల డిజిటల్ సంకలనమని, ఆర్లో గ్రిఫిత్స్, విన్సెంట్ టూర్నియే అనే ఇద్దరు పండితుల ఆధ్వర్యంలో తయారైంది. అమరావతి, నాగార్జునకొండ, భట్టిప్రోలు వంటి చోట్ల దొరికిన శాసనాలకు వరుస సంఖ్యలిచ్చి, ఎక్కడ దొరికింది, ఇప్పుడెక్కడుంది, ఇంతకుముందు ఎవరెలా చదివారు, ఇప్పుడు ఎందుకు వేరుగా చదువుతున్నాం అన్నవన్నీ ఒకచోట పెట్టారు. రాయి మీద వెలుతురు కోణం మార్చుతూ వరసగా ఫోటోలు తీసి, అరిగిపోయిన అక్షరాన్ని పైకి తెచ్చే పద్ధతి ఇప్పుడు శాసనాల పనిలో మామూలైంది. ఆ విద్యకు నేనూ ముగ్ధుణ్ణే. కానీ ఆ సంకలనాన్ని నిలబెట్టింది ఆ వెలుతురు కాదు, ఓపిగ్గా రాసిన ఆ నాలుగైదు వరుసల వివరం.

నా ఫిర్యాదు వేరే ఉంది. ఆ వివరమంతా ఇంగ్లీషులోనే ఉంది. పండితుల పని పండితుల భాషలో జరగడం తప్పేమీ కాదు, వాళ్లు చేయగలిగింది వాళ్లు చేశారు. దాన్ని తెలుగులోకి తెచ్చుకోవలసిన బాధ్యత మనది, మన విశ్వవిద్యాలయాలది. అమరావతి పక్కనున్న ధరణికోట కుర్రవాడు తన ఊరి పేరును తెలుగులో టైపు చేస్తే తన ఊరి శాసనం దొరకాలి. అది జరగనంత కాలం ఈ సంపద నెట్‌లో ఉన్నట్టే గానీ మన దగ్గర ఉన్నట్టు కాదు. పేర్ల గొడవ ఇంకోటి ఉంది, అది మరీ స్థానికమైనది. వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం గ్రంథాలయం మొదలైనప్పుడు ఆ ఊరు గుంటూరు జిల్లాలో ఉంది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, తర్వాత ప్రకాశం జిల్లా అయినప్పుడు అందులోకి పోయింది. 2022 ఏప్రిల్లో జిల్లాలు 26 అయ్యేసరికి బాపట్ల జిల్లాకు చేరింది. పడవ వ్యాపారులకు అభయమిస్తూ కాకతీయ గణపతిదేవుడు శాసనం వేయించిన మోటుపల్లిదీ ఇదే ప్రయాణం. అమరావతి ఇప్పుడు పల్నాడు జిల్లా. గుంటూరు జిల్లావని పాత సంపుటాల్లో నమోదైన శాసనాలను ఇవాళ్టి గుంటూరు జిల్లాలో వెతికితే సగం దొరకవు. రెవెన్యూ పటం మారినప్పుడల్లా చిరునామా మారిపోయే వస్తువుకు జిల్లా పేరు ఒక్కటే రాసి ఊరుకోవడం ఎంత అజాగ్రత్తో దీన్ని బట్టి తెలుస్తుంది. ఊరు, పొలం పేరు, అక్షాంశ రేఖాంశాలు, రాసిన తేదీ, నాటి జిల్లా పేరు, అన్నీ ఉండాలి.

కాగితం విషయానికొస్తే మనకు దొరికిన పెద్ద పాఠం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. కార్నెగీ మెలన్‌లోని మన రాజ్‌రెడ్డి ఊహించిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ సాయంతో ఈ శతాబ్దం మొదటి సంవత్సరాల్లో దేశమంతటా స్కానింగ్ సాగింది. వేల తెలుగు పుస్తకాలు స్కానయ్యాయి. ఇవాళ తెలుగు సాహిత్యం మీద పనిచేసే ఎవరైనా దానికి రుణపడి ఉండవలసిందే. ఆ రుణం ఒప్పుకున్నాకే ఈ మాట అనాలి: పుస్తకం పేర్లను తెలుగు రాని చేతులు రోమను లిపిలో నోటికొచ్చినట్టు కొట్టాయి. ఒకే పుస్తకం నాలుగు వర్ణక్రమాల్లో, రచయిత పేరు ఒకచోట ఇంటిపేరుతో మరోచోట అది లేకుండా, సంవత్సరం తప్పుగా, మధ్యలో పుటలు లేకుండా. లక్షల పుటలు ఎక్కించామని చెప్పుకోవడానికి చూపిన ఉత్సాహంలో పదోవంతు పేరు సరిగ్గా రాయడం మీద చూపలేదు. ఆ తర్వాత తెలుగు వికీపీడియా కార్యకర్తలు జీతం భత్యం లేకుండా కూర్చుని ఆ జాబితాలను తెలుగులోకి మార్చడం మొదలుపెట్టాకే చాలా పుస్తకాలు నిజంగా దొరకసాగాయి. స్కానింగుకు ప్రభుత్వం ధనం పెట్టింది, చీటీ రాయడానికి ఎవరో ఉద్యోగులు తమ ఆదివారాలు పెట్టారు. 2025 కేంద్ర బడ్జెట్‌లో కోటికి పైగా చేతిరాత ప్రతుల సర్వే, నమోదు, పరిరక్షణ అంటూ జ్ఞానభారతం మిషన్ ప్రకటించారు. కోటి అన్న అంకె విన్నప్పుడల్లా నాకు ఆ రోమను వర్ణక్రమాలే గుర్తొస్తాయి.

డిజిటల్ రూపం శాశ్వతం కాదు కదా అని అడిగేవారున్నారు. సర్వరు ఆగిపోతుంది, నిర్వహణ టెండరు ముగుస్తుంది, ఫైలు తెరిచే సాఫ్ట్‌వేర్ మాయమవుతుంది. తాటాకు మూడొందల ఏళ్లు బతికింది, మీ హార్డ్‌డిస్కు పదేళ్లు బతుకుతుందా అని. న్యాయమైన ప్రశ్నే. పైన చెప్పిన డిజిటల్ లైబ్రరీ సైటే హక్కుల చిక్కుల్లో పడి మూతబడింది. అయినా ఆ పుస్తకాలు పోలేదు. ఎవరో ముందుచూపుతో వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి నకలు చేశారు. తాటాకు కూడా బలం వల్ల బతకలేదు, పురుగు పట్టకముందే ఇంకో ఆకు మీదికి ఎత్తి రాసే అలవాటు వల్ల బతికింది. నకలుకు అడ్డం పడేది ఎక్కువగా చట్టం, దాన్ని మించి చట్టమంటే భయం. మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. 1958లో కన్నుమూసిన గుంటూరు ఉన్నవ లక్ష్మీనారాయణ రచనలు 2019 నుంచి అందరివీ. 1971లో పోయిన వినుకొండ జాషువా రచనల కోసం 2032 దాకా ఆగాలి. ఈ తేడా తెలిసి పని చేసే గ్రంథాలయం ధైర్యంగా ముందుకు పోతుంది, తెలియనిది అన్నిటికీ తాళం వేసుకుంటుంది.

ఇంకో అభ్యంతరం రాజకీయమైనది, బరువైనది. బొమ్మ ఇచ్చి రాయి ఉంచుకునే ఉపాయం కాదా ఇదంతా అని. విదేశీ మ్యూజియాలు మంచి ఫోటోలు నెట్‌లో పెట్టి, ఇక మీకేం లోటు అని అడిగే రోజు ఎంతో దూరంలో లేదు. పైగా ఆ ఫోటోల మీద షరతులు కూడా వాళ్లవే. మన ఊరి శిల్పం ఫోటోను మన ప్రచురణకర్త అమ్మకపు పుస్తకంలో వేసుకోవాలంటే లండన్ అనుమతి కావాలి. ఇది చురుక్కుమనే విషయమే, దాన్ని దాటవేయను. అయితే బొమ్మ రాయికి బదులవుతుందన్న భయానికి చందవరమే జవాబు. అక్కడ బొమ్మ రాయిని ఇంటికి తెచ్చింది. బదులయ్యేది కింద రాత లేని బొమ్మ. ఎక్కడిదో, ఎప్పుడు, ఎవరి చేతి మీదుగా కదిలిందో రాసి ఉన్న బొమ్మ ఎప్పటికీ దావాలో మొదటి కాగితమే. అమరావతి పలకలు దొంగతనంగా పోలేదు, నాటి ప్రభుత్వమే పంపింది, కాబట్టి ఆ వాదం వేరే దారిలో నడుస్తుంది. ఏ దారిలో నడిచినా మన చేతిలో మన జాబితా ఉండాలి.

వివరం బయటపెడితే దొంగలకు దారి చూపినట్టు కాదా? ఈ సందేహాన్ని తోసిపుచ్చలేను. పొలం గట్టున కాపలా లేకుండా నిలబడ్డ వీరగల్లు ఏ మలుపు దగ్గరుందో మ్యాపులో గుచ్చి చూపాల్సిన పని లేదు. కచ్చితమైన చోటును రికార్డులో ఉంచి, లోకానికి ఊరి పేరు మాత్రం చూపొచ్చు. కానీ దొంగలు మన వెబ్‌సైటు కోసం ఎదురుచూస్తూ కూర్చోరు. చందవరం దొంగలకు ఏ వెబ్‌సైటూ దారి చూపలేదు. నమోదు లేనిచోట దొంగకు రెండు లాభాలు: తీసుకుపోవడం తేలిక, అసలు పోయిందని రుజువు చేయడం కష్టం. నేత విషయంలో మాత్రం ఈ అభ్యంతరానికి నేను సగం ఓడిపోతాను. నూలుకు ముడులు కట్టి అద్దే చీరాల నేతగాళ్ల చిటికీ నమూనాను నాణ్యంగా స్కాన్ చేసి లోకానికి పెడితే, మర్నాడే పవర్‌లూమ్ మీద దాని అచ్చు దిగుతుంది. నూనెలో నానబెట్టిన నూలుతో నేసే తేలియా రుమాలుకు ఒకప్పుడు చీరాల పుట్టినిల్లు. భౌగోళిక గుర్తింపు దక్కింది మాత్రం తెలంగాణలోని పుట్టపాకకు. అక్కడి నేతగాళ్లు విద్యను నిలబెట్టుకున్నారు, గుర్తింపు వారికి రావడం సబబే. ఆ గుర్తింపుకు దరఖాస్తు చేయాలంటే పాత ఆధారాలు, చరిత్ర, తయారీ విధానం కాగితం మీద చూపాలి. అంటే నమోదు లేకపోయినా నష్టమే, హద్దు లేకుండా నమోదు చేసినా నష్టమే. ఏది అందరికీ చూపాలో, ఏది సంఘం దగ్గరే ఉంచుకోవాలో మగ్గం మీద కూర్చునే వాళ్లు తేల్చాలి, స్కానర్ తెచ్చినవాళ్లు కాదు.

పాటా కథా రికార్డు చేస్తే చచ్చిపోతాయని ఒక మాట తరచూ వినబడుతుంది. ఒక రాత్రి ఒక గాయకుడు చెప్పినది ‘అసలు పాఠం’ అయిపోయి, మిగతావన్నీ తప్పులుగా కనబడతాయని. పల్నాటి వీరుల కథను తీసుకుందాం. కారెంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవం జరుగుతుంది, వీర విద్యావంతులు కథ పాడతారు. శ్రీనాథుడిదని చెప్పే పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. అచ్చు పుస్తకం వచ్చాక కూడా పాట ఆగలేదు. ఆ పుస్తకం అచ్చయి అరవై ఏళ్లు దాటాక జీన్ రోఘేర్ అనే అమెరికన్ పరిశోధకుడు వచ్చి, ఆలిసెట్టి గాలెయ్య పాడిన కథను టేపు మీద పట్టుకుని, ఇంగ్లీషులోకి మార్చి 1982లో ఆక్స్‌ఫర్డ్ ద్వారా పుస్తకం తెచ్చాడు. ఆ పుస్తకంలో ఒక మంచి పని ఉంది. పాడినవాడి పేరు స్పష్టంగా ఉంది. మన జానపద సంకలనాల్లో ఎన్నింటికి ఆ భాగ్యం ఉంది? ‘సేకరణ’ అని సేకరించినవారి పేరు అట్ట మీద పెద్దగా ఉంటుంది, చెప్పిన ముసలమ్మ ‘ఒక వృద్ధురాలు’ అవుతుంది. పాఠం గడ్డకట్టేది అక్కడే. పాడినవారి పేరు, పాడిన రాత్రి, విన్న ఊరు చెరిపేస్తే ఆ ఒక్క పాఠం కాలాతీతమైనట్టు నటిస్తుంది. అవి ఉంచితే ఇది ఫలానా గాయకుడు ఫలానా రోజు పాడిన తీరు అని అదే చెప్పుకుంటుంది, మరో గాయకుడి తీరుకు పక్కన చోటిస్తుంది. మరి పాడే వృత్తే కూడు పెట్టక ఆగిపోతే? అది నిజమైన చావు. దానికి కారణం టేపు రికార్డరు కాదు, సంభావన ఇచ్చేవాళ్లు లేకపోవడం.

నా వాదనకే ఎదురుతిరిగే విషయం ఒకటుంది. రాత ఉన్నవాళ్ల గతమే రాతకెక్కుతుంది. గ్రంథాలయంలో ఉన్న పుస్తకం స్కానవుతుంది, గుళ్లో ఉన్న శాసనం ఫోటో అవుతుంది. కర్నూలు వైపు నుంచి సంసారాలు మూటగట్టుకుని మిరప కోతలకు వచ్చే ఆడకూలీలు కల్లాల దగ్గర ఏ పాటలు పాడుకుంటున్నారో, ఏ పాటలు మానేశారో నమోదు చేసే పథకం నా ఎరుకలో లేదు. పత్తి ఏరే చేతులకూ ఇదే మాట. బొమ్మ కింద రాత ముఖ్యమని నేనంటున్నాను సరే, అసలు బొమ్మే తీయనివాళ్ల మాటేమిటి? ఇక్కడ డిజిటల్ పరికరానికి ఒక గొప్పతనం ఒప్పుకోవాలి. మెకంజీకి చిత్రకారుల బృందం కావలసి వచ్చింది, రోఘేర్‌కు బరువైన టేపు రికార్డరు కావలసి వచ్చింది. ఇవాళ కూలీ మేస్త్రీ జేబులోని ఫోనే చాలు. పాత అసమానతకు పరికరం ఖరీదు ఒక సాకుగా ఉండేది, ఇప్పుడు ఆ సాకు లేదు. మిగిలింది ఎవరి పాట దాచదగిందని మనం అనుకుంటున్నాం అన్న ప్రశ్నే, దానికి ఏ యంత్రమూ జవాబు చెప్పదు.

ఇదంతా ఎవరు చేస్తారు, డబ్బెక్కడిది? రెండు వందల ఏళ్ల కిందట మెకంజీ, కావలి లక్ష్మయ్య వంటి సహాయకులను పంపి ఊరూరా కరణాల చేత గ్రామ చరిత్రలు రాయించాడు. అవే కైఫియత్తులు. తర్వాత సి.పి. బ్రౌన్ వాటిని ఎత్తి రాయించాడు. గుంటూరు సీమ ఊళ్ల కైఫియత్తులు మన కాలంలో అచ్చయ్యాయి కూడా. ఊరి గుడి, చెరువు, పొలాల పేర్లు, పాత దానాలు, ఇవన్నీ ఊళ్లో కూర్చుని లెక్కలు రాసే మనిషి కలం నుంచి వచ్చాయి. ఆ కరణం ఇప్పుడు లేడు. 2019 అక్టోబరు నుంచి గ్రామ సచివాలయం ఉంది, అందులో సర్వేయరు ఉన్నాడు, డిజిటల్ అసిస్టెంటు ఉన్నాడు. 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలుపెట్టి, డ్రోన్లు ఎగరేసి, ఉపగ్రహాల సాయంతో గట్టు గట్టుకూ కొలతలు తీసి సర్వే రాళ్లు పాతారు. ఆ సర్వేలో తప్పులున్నాయని రైతులు గోలపెట్టిన మాట వాస్తవమే. అయినా ప్రభుత్వం తల్చుకుంటే పొలంలోని ప్రతి రాయికీ అక్షాంశ రేఖాంశాలు కట్టగలదని రుజువైంది. నిన్న పాతిన సర్వే రాయికి రికార్డు ఉంది, దాని పక్కనే ఏడెనిమిది వందల ఏళ్లుగా నిలబడ్డ శాసనం రాయికి లేదు. అదే మనిషి, అదే యంత్రం, అదే రోజు. రెండో రాయికి కూడా ఒక వరుస రాయమని ఎవరూ చెప్పలేదు, అంతే.

ఊళ్లోవాళ్లు చెప్పేవన్నీ రాస్తే పుక్కిటి పురాణాలు రికార్డులోకి ఎక్కుతాయని పురావస్తు నిపుణులు కంగారుపడతారు. కైఫియత్తుల్లోనూ అవి దండిగా ఉన్నాయి. ప్రతి చెరువునూ ఏదో ఒక రాజు కలలో చూసే తవ్విస్తాడు, ప్రతి రాతినీ పాండవులో రాములవారో తాకే ఉంటారు. చరిత్రకారులు ఆ తాలునూ గింజనూ వేరుచేసుకోవడం నేర్చుకున్నారు, ఆ పనికి వాళ్లకు ఇన్నేళ్లుగా ఉపయోగపడింది ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్న వివరమే. డిజిటల్ అసిస్టెంటు తెరిచే ఫారంలో కొలతలకూ ఫోటోకూ గడులుంటాయి, అవి ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ అయినా పెడుతుంది. ఊళ్లో ఆ రాయిని ఏమని పిలుస్తారు, ఎందుకలా పిలుస్తారంటారు, ఆ మాట చెప్పినవారెవరు అన్న మూడు గడులు తెలుగులో, కావలసినంత జాగాతో ఉండాలని అడగాల్సింది మనం. టెండరు కాగితం రాసే రోజునే అడగాలి. ఫారం ఖరారై, లక్ష ఫోటోలు ఎక్కేశాక కొత్త గడి చేర్చమంటే ఏ కాంట్రాక్టరూ వినడు.